గోదావరి డెల్టా మొక్కల ఇంటిపేర్లు

నారుమడిలో వరి మొలిచిన కొద్ది రోజులకే ఊద కూడా దాని పక్కన లేచి నిలబడుతుంది. రంగు అదే, ఎత్తు అదే, ఆకు పోకడ అదే. నారు తీసేటప్పుడు ఈ రెంటినీ విడదీయకపోతే ఊద కూడా నాటుతోపాటు చేలోకి వెళ్తుంది. అక్కడ వరికి వేసిన ఎరువు తిని, వరి కన్నా ముందే ఈని, గింజ రాల్చి, వచ్చే ఏటికి కూడా విత్తనం పెట్టి పోతుంది. తెలిసినవాళ్లు ఆకు కొస చూడరు, ఆకు మొదలు చూస్తారు. వరి ఆకు తొడుగును విడిచి పక్కకు వాలే చోట, లోపలివైపు, కొన రెండుగా చీలిన పలుచని తెల్లటి పొర ఒకటి నిలబడి ఉంటుంది. దానికి రెండు పక్కలా సన్నని నూగుతో రెండు చిన్న కొక్కేలు కాండాన్ని చుట్టుకుని ఉంటాయి. ఊదకు ఆ చోట పొరా లేదు, కొక్కేలూ లేవు. నున్నగా ఉంటుంది.

ఆ పొరను వృక్షశాస్త్రజ్ఞులు లిగ్యూల్ అంటారు. పేరు తెలిసినా తెలియకపోయినా, దాన్ని పట్టుకోగలిగిన కన్ను పంటను కాపాడుతుంది. మొక్కను గుర్తుపట్టడం పరీక్ష కోసం బట్టీపట్టే విద్య కాదు, బతుకుతెరువుకు పనికొచ్చే విద్య. డెల్టాలో మనం తినే అన్నం, పప్పు, కొబ్బరి, అల్లుకునే తాడు, చుట్టకు చుట్టే పొగాకు, దండకు గుచ్చే పువ్వు, ఇవన్నీ చాలావరకు పది పన్నెండు మొక్కల కుటుంబాల నుంచే వస్తున్నాయి. ఆ కుటుంబాల లక్షణాలు తెలిసినవాళ్లకు, ఎన్నడూ చూడని మొక్క కూడా తన గుణం ఎంతో కొంత చెబుతుంది.

సామర్లకోట వైద్యుడు

ఈ ప్రాంతపు మొక్కల్ని శాస్త్రరీతిలో పరిశీలించి, బొమ్మలు గీయించి, ప్రపంచానికి చూపించిన పని సామర్లకోటలో జరిగింది. 1751లో స్కాట్లండ్‌లో పుట్టిన విలియం రాక్స్‌బరో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోటకు చేరాడు. సైనికులకు వైద్యం చేస్తూనే చుట్టుపక్కల పొలాలు, కొండలు తిరిగి మొక్కలు సేకరించాడు. మిరియం, నీలిమందు లాంటి పంటల మీద అక్కడే ప్రయోగాలు చేశాడు.

ఆయనకు ముందు ఈ తీరంలో మొక్కలు వెతికిన జొహాన్ కోనిగ్, ఆధునిక వర్గీకరణకు పునాది వేసిన లిన్నేయస్ శిష్యుడు. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసింది రాక్స్‌బరోయే. అలా స్వీడన్‌లో పుట్టిన వర్గీకరణ విద్య రెండు చేతులు మారి గోదావరి ఒడ్డుకు చేరింది.

రాక్స్‌బరో ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి లండన్‌కు పంపేవాడు. వాటి నుంచి ఎంచిన 300 బొమ్మలతో ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడింది. 1793లోనే ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లిపోయాడు, 1815లో మరణించాడు. ఆ పుస్తకంలో లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు ఉన్నాయి. బొమ్మలు గీసిన మన చిత్రకారుల పేర్లు మాత్రం ముఖపత్రం మీద లేవు. అది మనం గుర్తుంచుకోవలసిన లోటు.

ఆ గ్రంథంలోని సోమిడ చెట్టు కథ కుటుంబ జ్ఞానం విలువేమిటో చెబుతుంది. కొండల్లో పెరిగే ఈ పెద్ద చెట్టు పువ్వును రాక్స్‌బరో విప్పి చూస్తే, కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంలా ఉన్నాయి. అమెరికా ఖండపు మహాగని పువ్వులోనూ అంతే. దాంతో సోమిడను మహాగని ప్రజాతిలోనే చేర్చాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు దాన్ని వేరే ప్రజాతిగా విడదీసి, తెలుగు పేరునే లాటిన్‌లోకి తీసుకుని సోయ్‌మిడా అని పిలిచారు. అయినా కుటుంబం మాత్రం అదే, మీలియేసి. మన వేప కూడా ఆ కుటుంబమే. మహాగనిలా సోమిడది ఎర్రటి గట్టి కలప, వేపలా చేదు బెరడు. ఆ బెరడును జ్వరానికి మందుగా వాడవచ్చునని రాక్స్‌బరో సూచించాడు. పువ్వులో కనిపించిన పోలిక కలపలోనూ బెరడులోనూ నిజమైంది.

ఇంటిపేరు ఎలా పెట్టారు

మనుషుల్లో ఇంటిపేరు చెప్పగానే ఊరూ వంశమూ తెలిసినట్టే, మొక్కల్లో కుటుంబం పేరు చెప్పగానే నిర్మాణమూ గుణమూ తెలియాలి. ఆ స్థితికి రావడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది. 1753లో లిన్నేయస్ మొక్కల్ని ముఖ్యంగా కేసరాల లెక్కతో విడదీశాడు. లెక్క సులువే కాని, వరి పువ్వులో 6 కేసరాలు, గోధుమలో 3. అందువల్ల రెండూ గడ్డిజాతులే అయినా వేర్వేరు తరగతుల్లో పడ్డాయి. 6 కేసరాలున్న ఉల్లి వచ్చి వరి ఉన్న తరగతిలోనే కూర్చుంది. ఒకే లక్షణం పట్టుకుంటే చుట్టరికం తప్పిపోతుందని దీంతో అర్థమైంది.

1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ అనేక లక్షణాలను కలిపి చూసి సహజ కుటుంబాలను ఏర్పరిచాడు. 1862–1883 మధ్య బెంథామ్, హుకర్ 202 కుటుంబాలతో రాసిన వర్గీకరణ మన కళాశాలల్లో ఇప్పటికీ చదువుతున్నారు. ఇప్పుడు డీఎన్‌ఏ ఆధారంగా చేస్తున్న వర్గీకరణలో, 2016 నాటి లెక్క ప్రకారం, పూల మొక్కలు 416 కుటుంబాలు.

కుటుంబాన్ని నిర్ణయించడంలో ఆకు కన్నా పువ్వుకే పెద్దపీట. నీరు, ఎండ, ఉప్పు మారితే ఆకు వెడల్పూ మందమూ మారిపోతాయి. పువ్వు నిర్మాణం అంత తేలిగ్గా మారదు. అందుకే కొత్త మొక్క కనబడితే ముందుగా ఈ ప్రశ్నలు వేసుకోవాలి. ఆకు ఈనెలు సమాంతరంగా ఉన్నాయా, వలలా అల్లుకున్నాయా? పువ్వు భాగాలు మూడేసి ఉన్నాయా, ఐదేసి ఉన్నాయా? ఆకర్షణపత్రాలు విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయాయా? కేసరాలు ఎన్ని, ఎలా అమరి ఉన్నాయి? అండాశయాన్ని అడ్డంగా కోస్తే లోపల ఎన్ని గదులు? వీటికి జవాబులు దొరికితే చాలా మొక్కల కుటుంబం తేలిపోతుంది.

గడ్డి కుటుంబం: పొయేసి

వరి, చెరకు, మొక్కజొన్న, జొన్న, వెదురు, గరిక, ఊద, అన్నీ ఈ కుటుంబమే. కాండం గుండ్రం. కణుపు దగ్గర గట్టి, కణుపుల మధ్య చాలావాటిలో బోలు. ఆకు తొడుగు కాండాన్ని చుట్టి, ఒక పక్క తెరుచుకుని ఉంటుంది. చేలో గడ్డిలా కనిపించే తుంగ వేరే కుటుంబం, సైపరేసి. తుంగ కాండాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు చేతికి తెలుస్తాయి, లోపల బోలు ఉండదు. కలుపు మందు ఎంచుకునేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. గడ్డిజాతిని చంపే మందు తుంగను చంపాలని లేదు.

వరి పువ్వుకు రంగురంగుల రేకులు లేవు. మనం ఊక అంటున్న రెండు పొట్టు రేకుల మధ్యే పువ్వు దాగి ఉంటుంది. ఎండెక్కే వేళకు పువ్వు అడుగున ఉన్న రెండు చిన్న కండలు నీటితో ఉబ్బి ఊకను విడదీస్తాయి. 6 కేసరాలు బయటకు వేలాడతాయి, కొద్దిసేపట్లోనే పుప్పొడి రాలుతుంది, ఊక మళ్లీ మూసుకుంటుంది. ఆ కాస్త సమయంలో వాన పడితే, గాలి గట్టిగా వీస్తే తాలు గింజలు పెరుగుతాయి. ఈనిక వేళ తుపాను వస్తే రైతు గుండె ఎందుకు ఝల్లుమంటుందో ఈ పువ్వును చూస్తే తెలుస్తుంది.

గడ్డి కుటుంబపు మరో ముఖ్య లక్షణం గింజ. దీనిలో కాయ తొక్క, విత్తనం తొక్క ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. బియ్యం పాలిష్ పట్టినప్పుడు తవుడుగా రాలేవి ఆ పొరలూ, వాటి కింది నూనె పొరా, మొలకా. తవుడు నూనె పరిశ్రమ ఆ లక్షణం మీదే నడుస్తోంది. పశ్చిమ గోదావరి మార్టేరు వరి పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 (స్వర్ణ) వశిష్ఠ, మసూరి రకాలను కలిపి తీసినది. అది గోదావరి దాటి తూర్పు భారతమంతా, బంగ్లాదేశ్ వరకూ వెళ్లింది. ఇదే కుటుంబపు వెదురు రాజమహేంద్రవరం కాగితం మిల్లును చాలాకాలం నడిపింది. తర్వాత ఆ చోటులోకి సరుగుడు, సుబాబుల్ వచ్చాయి.

తాటి, కొబ్బరి: అరెకేసి

కొమ్మలు లేని కాండం, పైన ఆకుల గుత్తి, మట్టలో సమాంతర ఈనెలు, మూడేసి భాగాల పువ్వులు. ఇదీ తాటి కుటుంబపు ఆనవాలు. ఈ కుటుంబంలో ఆకు రెండు రకాలు: కొబ్బరి, ఈత, పోక, ఆయిల్ పామ్ మట్టకు రెండు వైపులా సన్నని ఆకులుంటాయి, తాటాకు విసనకర్రలా విచ్చుకుంటుంది.

మూడు అనే సంఖ్య ఈ కుటుంబాన్ని వదలదు. పీచు తీసిన కొబ్బరికాయను చేతిలోకి తీసుకుంటే మూడు కళ్లు కనిపిస్తాయి. పువ్వులో మూడు గదుల అండాశయం ఉండేదనడానికి అవి గుర్తులు. మూడింట్లో ఒక్క గదే పెరుగుతుంది. ఆ గది కన్నే మెత్తగా ఉంటుంది, మొలక అందులో నుంచే వస్తుంది. తాటికాయలో మూడు గదులూ పెరుగుతాయి. అందుకే మామూలుగా ఒక కాయలో మూడు ముంజెలు దొరుకుతాయి. ముదిరిన టెంకలను మట్టిలో పాతితే తేగలవుతాయి. కొబ్బరిలో మగ, ఆడ పువ్వులు ఒకే గెలలో ఉంటాయి. తాటిలో పోతుచెట్టు వేరు, కాయ కాసే చెట్టు వేరు. మొక్కగా ఉన్నప్పుడు ఏది ఏదో చెప్పలేరు. కొబ్బరి తోటలో వేసిన ప్రతి చెట్టూ కాపునిస్తుంది, తాటి తోపులో ఆ భరోసా లేదు.

ఈ కుటుంబానికి ఇంకో లక్షణం ఉంది. మామిడి, వేప కాండాల్లో ఉండే పెరిగే పొర కొబ్బరికి లేదు. అందుకే కత్తి గాటు పడితే అది పూడదు, జీవితాంతం అలాగే ఉంటుంది. పెరిగే మొగ్గ కూడా తలలో ఒక్కటే. కొమ్ము పురుగు ఆ మొవ్వులోకి పోయిందంటే చెట్టు మొత్తానికే ప్రమాదం. అంబాజీపేట పరిశోధనా స్థానం తూర్పు తీరపు పొడవు రకాన్ని గంగాబొండంతో కలిపి ‘గోదావరి గంగ’ సంకరాన్ని తీసింది. ఆయిల్ పామ్‌కు ఏలూరు దగ్గర పెదవేగిలో జాతీయ స్థాయి పరిశోధనా సంస్థ ఉంది.

కోనసీమ తోటల్లో కొబ్బరి కింద పెరిగే అరటి చెట్టులా కనిపించినా చెట్టు కాదు, మ్యూసేసి కుటుంబపు పెద్ద మొక్క. దాని బోదె అంతా ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకుతొడుగులే. అరటిపండును అడ్డంగా కోస్తే ఇక్కడా మూడు భాగాలు, మధ్యలో సన్నని నల్ల చుక్కలు కనిపిస్తాయి. విత్తనాలు కాలేకపోయిన అండాలవి. విత్తనం లేదు కనుక పిలకతోనే సాగు. ఒక పిలకకు తెగులుంటే తోటంతటికీ అది పాకుతుంది. కొవ్వూరు పరిశోధనా స్థానం పని చేస్తున్న కర్పూర చక్కెరకేళి, బొంత రకాలన్నిటికీ ఈ బలహీనత ఉమ్మడి.

చిక్కుడు కుటుంబం: ఫాబేసి

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పైరు నిలబడి ఉండగానే మినుములు, పెసలు చల్లడం డెల్టా పద్ధతి. దున్నకుండా, నీరు పెట్టకుండా, మాగాణిలో మిగిలిన తేమతోనే ఆ పంట వస్తుంది. అది సాధ్యం చేసేది ఈ కుటుంబపు వేరు. 40 రోజుల పెసర మొక్కను నెమ్మదిగా పీకి, మట్టి కడిగి చూస్తే వేళ్ల మీద చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చీలిస్తే లోపల గులాబి రంగు ఉంటే అందులో రైజోబియం బాక్టీరియా చురుగ్గా పనిచేస్తోందని అర్థం. గాలిలోని నత్రజనిని మొక్క తినే రూపంలోకి అది మారుస్తోంది. లోపల తెల్లగానో పచ్చగానో ఉంటే పని జరగడం లేదు. ఈ బాక్టీరియాను డచ్చి శాస్త్రజ్ఞుడు బైయరింక్ 1888లో వేరుచేశాడు. జీలుగ, జనుము, పిల్లిపెసరలను పచ్చిరొట్టగా దున్నే రైతుకు ఆ మేలు ఎప్పుడో తెలుసు.

పువ్వును విప్పితే ఐదు రేకులు: వెనక నిలబడిన పెద్దది ధ్వజం, పక్కల రెండు బాహువులు, కింద అంటుకున్న రెండు ద్రోణులు. ద్రోణుల లోపల 10 కేసరాలు, వాటిలో 9 కలిసి ఉంటాయి, ఒకటి విడిగా ఉంటుంది. కాయ ఒకే గదితో, రెండు అంచుల వెంట పగిలేది. చింతపువ్వులో, తుమ్మపువ్వులో ఈ అమరిక కనిపించదు. అయినా చింతకాయ, తుమ్మకాయ, సుబాబుల్ కాయ పట్టుకుని చూస్తే చుట్టరికం అర్థమవుతుంది. ఈ కుటుంబపు గింజల్లో మాంసకృత్తులు ఎక్కువ. గడ్డి గింజతో వచ్చిన అన్నానికి చిక్కుడు కుటుంబపు పప్పు జోడైతేనే భోజనం నిండుతుంది. ఆహారశాస్త్రం దీన్ని లెక్కగట్టకముందే మన వంటిల్లు దీన్ని పాటించింది.

పొగాకు, వంకాయ: సొలనేసి

ఐదు రేకులు కలిసిపోయిన పువ్వు, రేకులకే అతుక్కున్న ఐదు కేసరాలు, కాయతోపాటు నిలిచి ఉండే రక్షకపత్రాలు. వంకాయ తొడిమ దగ్గర ముళ్లతో పట్టుకుని ఉండేవి ఆ రక్షకపత్రాలే. మిరప, టమాటా, బంగాళదుంప, ఉమ్మెత్త, గట్ల మీది కామంచి కూడా ఈ కుటుంబమే.

ఈ కుటుంబం ఘాటైన రసాయనాల పుట్ట. పొగాకులో నికోటిన్, మిరపలో కాప్సైసిన్, ఉమ్మెత్తలో అట్రోపిన్, పచ్చబడిన బంగాళదుంపలో సొలనిన్. తమను తినేవాటి నుంచి రక్షణకు మొక్కలు తయారు చేసుకున్నవివి. మనం కొన్నిటిని రుచిగా, కొన్నిటిని మందుగా, కొన్నిటిని వ్యసనంగా మార్చుకున్నాం. పొగాకు మొక్క నికోటిన్‌ను వేరులో తయారుచేసి ఆకుకు పంపుతుంది. పువ్వు రాగానే తల తుంచేది ఆకు బలం కోసం. దాంతో ఆకులో నికోటిన్ కూడా పెరుగుతుంది. గోదావరి లంకల్లోని ఒండ్రులో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపొందింది. రాజమహేంద్రవరంలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలసింది. ఈ ఆకు ఎంతో సంపద తెచ్చింది, ఎన్నో ఊపిరితిత్తులను, నోళ్లను పాడుచేసింది. రెండూ నిజాలే, రెండూ చెప్పుకోవాలి.

రైతుకు ఇక్కడ పనికొచ్చే పాఠం ఒకటుంది. రోగాలకూ, పరాన్నజీవులకూ కుటుంబం తెలుసు. పొగాకు వేళ్లను పట్టుకుని బతికే పొగాకు మల్లె టమాటాను, వంగను కూడా పట్టుకుంటుంది. పొగాకు మొజాయిక్ వైరస్ మిరపకు, టమాటాకు వస్తుంది. సిగరెట్టో చుట్టో ముట్టుకున్న చేతులతో టమాటా నారు పట్టుకోవద్దనేది అందుకే. వంగ తీసిన మడిలో వెంటనే టమాటా వేస్తే పంట మార్చినట్టు కాదు, అదే కుటుంబానికి మళ్లీ భోజనం పెట్టినట్టు. ఆ మడిలో మినుమో, మొక్కజొన్నో వేస్తే అది నిజమైన పంట మార్పిడి.

మందార కుటుంబం: మాల్వేసి

మందార పువ్వు మధ్యలో నిలబడిన పొడుగాటి గొట్టం ఈ కుటుంబపు ముద్ర. కేసరాల కాడలన్నీ కలిసి ఆ గొట్టమైంది. దాని లోపల నుంచి కీలం వచ్చి, పైన ఐదు చుక్కలుగా విడిపోతుంది. బెండ, పత్తి, గోంగూర, గంగరావి పువ్వులన్నిటా ఇదే గొట్టం. రెండో గుర్తు జిగురు: బెండకాయ కోసినా, మందారాకు నలిపినా చేతికి తెలుస్తుంది. మూడోది బెరడులోని నార. గోగునార, బెండనార దాన్నుంచే. పత్తిలో నార గింజ మీద వస్తుంది. నరసాపురం లేసుకూ ఉప్పాడ జాందానీకీ నూలు అక్కడిదే.

ఈ కుటుంబంలోకి ఇప్పుడు కోకో కూడా చేరింది. కొబ్బరి, ఆయిల్ పామ్ నీడలో పెరిగే ఈ చెట్టు పువ్వులూ కాయలూ మొద్దుకే అంటుకుని కాస్తాయి. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. అందులో గోదావరి జిల్లాల వాటా పెద్దది. గోంగూర పచ్చడికీ చాక్లెట్‌కూ మూలం ఒకే కుటుంబం.

పాలు కారే మొక్కలు, మడ అడవి

ఆకు తుంచగానే తెల్లటి పాలు కారితే రెండు కుటుంబాలు గుర్తుకు రావాలి. కాయ మూడు గదులైతే, ఆడ, మగ పువ్వులు వేరైతే యూఫర్బియేసి. ఆకులు ఎదురెదురుగా ఉండి కాయలు జంటగా వస్తే ఎక్కువగా అపోసైనేసి.

మొదటి కుటుంబంలో జెముడు, కర్రపెండలం, ఆముదం ఉన్నాయి. ఆముదానికి తెల్లపాలు లేకపోయినా, కాయను చీలిస్తే మూడు గింజలు తప్పవు. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతంలో సగ్గుబియ్యం మిల్లులు కర్రపెండలం మీద ఆధారపడ్డాయి. ఆ దుంపలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంది. తురమడం, కడగడం, ఆరబెట్టడం, వేడిచేయడం అనే దశలు దాన్ని తొలగిస్తాయి. ఆముదం గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉంది, నూనెలోకి అది రాదు. ఆహారం, మందు, విషం ఇంత దగ్గరగా ఉన్న కుటుంబంతో జాగ్రత్తగా ఉండాలి.

రెండో కుటుంబంలో గన్నేరు, నందివర్ధనం, జిల్లేడు, బిళ్లగన్నేరు ఉన్నాయి. గన్నేరు గుండెను దెబ్బతీస్తుంది. పెరట్లో ఎవరూ పట్టించుకోని బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టీన్ ఇప్పటికీ వాడుతున్నారు.

కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో, 235 చదరపు కిలోమీటర్ల మడ అడవిలో, ఈ పాల గుర్తు కళ్లను కాపాడుతుంది. అక్కడి తిల్ల చెట్టు యూఫర్బియేసి. దాని పాలు కంట్లో పడితే చూపే పోవచ్చు. తిల్ల పక్కనే ఊతవేళ్ల మీద నిలబడే ఉప్పుపొన్న రైజోఫోరేసి. దాని విత్తనం చెట్టు మీదే మొలకెత్తి బురదలోకి జారుతుంది. బురద పైకి శ్వాసవేళ్లు లేపి, ఆకుల మీద ఉప్పును స్రవించే మడ చెట్టు అకాంథేసి. ముగ్గురికీ ఉప్పునీటి బతుకు ఒకటే, పుట్టుక మాత్రం వేరు. ఒకచోట బతికినంత మాత్రాన ఒక కుటుంబం కాదు. వేర్వేరు కుటుంబాలు ఒకే కష్టానికి తమతమ దారుల్లో జవాబు కనుక్కున్నాయి. తుపాను తాకిడిని తగ్గించి, చేపపిల్లలకు నీడనిచ్చే ఈ అడవి బలం ఆ వైవిధ్యంలోనే ఉంది. ఒక్క జాతినే నాటి అడవిని తిరిగి తెచ్చామనుకోవడం సరికాదు.

కడియం నర్సరీలు

కడియపులంక పూల మార్కెట్లో గంపల్లో నిండి ఉండే బంతి, చామంతి ఆస్టరేసి కుటుంబం. మనం పువ్వు అంటున్నది నిజానికి పూలగుత్తి. ఒక బంతిని విప్పి, ఒక్కో రేకును మొదలంటా లాగి చూస్తే, ప్రతి రేకు కిందా సన్నటి నల్లని అండాశయం ఉంటుంది. ఒక్కో రేకూ ఒక్కో పువ్వన్నమాట. బంతిలోని ల్యూటిన్ అనే పసుపు పదార్థాన్ని కోళ్ల మేతలో కలిపితే గుడ్డు సొనకు రంగు వస్తుంది. ఇదే కుటుంబంలో గుంటగలగర ఉంది, ఊపిరి సమస్యలు తెచ్చే వయ్యారిభామ కూడా ఉంది.

కడియం, బుర్రిలంక, వేమగిరి నర్సరీల జీవం అంటుకట్టడం. అంటు అతుక్కోవాలంటే రెండు మొక్కలూ దగ్గరి చుట్టాలై ఉండాలి. అమెరికా నుంచి వచ్చిన సపోటాను మన అడవి పాల చెట్టు మొక్క మీద కడతారు. రెండూ సపోటేసి కుటుంబమే, పైగా ఒకే ప్రజాతి. పాల చెట్టు వేరు మన నేలలను తట్టుకుంటుంది, పైన సపోటా కాస్తుంది. సపోటా కొమ్మను మామిడి మీద కడితే ఎంత నేర్పరి కట్టినా అతకదు.

మారుతున్న పేర్లు

పాత పుస్తకాల్లో టేకు వర్బినేసి, ఇప్పుడు తులసి ఉన్న లామియేసి. జిల్లేడుకు ఉన్న ప్రత్యేక కుటుంబాన్ని గన్నేరు కుటుంబంలో కలిపారు. బూరుగును మందారతో చేర్చారు. ఉల్లిని లిలియేసి నుంచి తీశారు. ఇది శాస్త్రం తడబాటు కాదు. కంటితో కట్టిన చుట్టరికాలను డీఎన్‌ఏతో సరిచూస్తున్నారు. వాటిలో చాలావరకు నిలబడ్డాయి, నిలబడనివాటిని సరిదిద్దారు. పాత పాఠాలు చెప్పే అధ్యాపకులు ఈ మార్పులను కూడా విద్యార్థులకు చెప్పాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కుటుంబం జాగ్రత్త నేర్పుతుందే గాని తినడానికి అనుమతి ఇవ్వదు. టమాటా చుట్టమని ఉమ్మెత్తకాయను ఎవరూ తినకూడదు. తెలియని మొక్కను ఆకు పోలికతో మందుగా వాడటం ప్రాణాపాయం.

ఇంటర్మీడియట్ విద్యార్థులు ఫాబేసి, సొలనేసి లక్షణాలను సూత్రాల రూపంలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. కిటికీ బయట చేలో అవే కుటుంబాలు పూస్తున్నాయి. డెల్టా ఉపాధ్యాయులకు ప్రయోగశాల కొరత లేదు. కాలవగట్టు, కొబ్బరితోట, నారుమడి, కడియం నర్సరీ, కోరింగ మడ, అన్నీ నడిచో బస్సెక్కో చేరగలిగిన దూరంలోనే ఉన్నాయి. వాళ్లకు కావలసింది ఒక బ్లేడు, ఒక భూతద్దం, ఒక గంట సమయం. ఇలా చూసి నేర్చుకున్న పిల్లవాడు రేపు రైతైతే పంట మార్పిడి తెలిసి చేస్తాడు, నర్సరీ పెడితే అంటు తెలిసి కడతాడు, వైద్యుడైతే గన్నేరు తిన్న రోగిని వెంటనే పోల్చుకుంటాడు. ఈ వారమే ఒక మందారాన్ని, ఒక బంతిని, వేళ్లతో సహా పీకిన ఒక పెసర మొక్కను బల్ల మీద పెట్టి, పిల్లల చేతికి భూతద్దం ఇవ్వండి.